పక్కింటివారి కంచె మన స్థలంలోకి వస్తే

ప్రశ్న: ఆరేళ్ళ కిందట ఈ ఇల్లు కొనుక్కున్నాం. పక్కింట్లో ఓ పెద్దాయన కుటుంబం ఉంటుంది. ఆయన్ని నేను బాబాయి గారనే పిలుస్తాను. పోయిన నెల మేం ఊళ్ళో లేనప్పుడు ఆయన పాత కర్రల కంచె తీయించి కొత్తగా ఇనుప కంచె వేయించారు. తిరిగొచ్చి చూస్తే అది మా వైపు అడుగున్నర జరిగినట్టు అనిపించింది. అడిగితే, "పాతది ఉన్నచోటే వేశానమ్మా, నీకలా కనిపిస్తోంది" అన్నారు. ఇప్పుడా కంచెని ఆనుకుని సామాన్ల గది కట్టిస్తారట, పునాదికి మనిషిని మాట్లాడుకున్నారని తెలిసింది. మావారు రాత్రికి రాత్రి కంచె పీకేస్తానంటున్నారు. అత్తగారేమో అడుగున్నర నేల కోసం ఇరుగుపొరుగుతో తగాదా ఎందుకు, వదిలేయండి అంటున్నారు. వాళ్ళ మనవలూ మా పిల్లలూ రోజూ కలిసి ఆడుకుంటారు. నాకు ఇద్దరి మాటా సబబుగా అనిపించడం లేదు. ఏం చేయమంటారు?
— ఓ పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీకు తోచింది నిజమే. రెండు దారులూ మంచివి కావు. మీవారి కోపం నాకు అర్థమవుతుంది. మనం లేనప్పుడు చేశారన్నదే నేల పోయినదానికన్నా ఎక్కువ బాధ పెడుతుంది. అయినా ఆ కంచె మీద చెయ్యి వేయనివ్వకండి. నేల మీదే అయినా దాని మీద ఉన్న ఇనుమూ స్తంభాలూ ఆయనవి. వాటిని పీకిన మరుక్షణం ఫిర్యాదు చేసే హక్కు ఆయనకి వస్తుంది, ఇప్పటిదాకా నష్టపోయిన మీరు తప్పు చేసినవారవుతారు. తర్వాత సర్వేలో నేల మీదేనని తేలినా ఆ రాత్రి జరిగింది చెరిగిపోదు.

అత్తగారి మాట మంచితనంతో వచ్చింది, కానీ దానివల్ల కలిగే నష్టం నెమ్మదిగా, ఎక్కువగా ఉంటుంది. హద్దు విషయంలో ఏళ్ళ తరబడి మౌనంగా ఉంటే చాలా దేశాల చట్టాలు దాన్ని ఒప్పుకోలుగా చూస్తాయి. రేపు మీరు ఇల్లు అమ్మదలచుకుంటే కొనేవాళ్ళు కొలతలు వేయిస్తారు. దస్తావేజులో ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ తేడా వస్తే బేరం అక్కడే ఆగుతుంది. ఆనాటికి పెద్దాయన ఉంటారో ఉండరో తెలియదు. ఇవాళ కలిసి ఆడుకుంటున్న పిల్లలే ఎదిగి ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది. నేలని వదులుకోవాలనుకుంటే వదులుకోండి, అది మీ ఇష్టం. కానీ అది కాగితం మీద, తెలిసి చేసినదై ఉండాలి. ఏమీ అనకుండా వదిలేయడం వేరు.

మీరు ఏ దేశంలో ఉన్నారో ఉత్తరంలో లేదు. అందుకని ఎక్కడైనా చేయవలసిన పని ముందు చెప్పి, చట్టం మారేచోట కొన్ని దేశాల సంగతి చెప్తాను.

అన్నిటికన్నా తొందరగా చూసుకోవలసింది పునాది. కంచెని ఒక పూటలో జరపవచ్చు. పునాది పడి గోడ లేచాక కథ మారిపోతుంది. కట్టడాన్ని కూల్చడం వల్ల అవతలివారికి కలిగే నష్టం, మీ నేల వల్ల మీకు కలిగే నష్టం పక్కపక్కన పెట్టి చూసి, కూల్చమనకుండా డబ్బు పరిహారంతో సరిపెట్టే అధికారం చాలాచోట్ల న్యాయస్థానాలకి ఉంటుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో దీనికోసం 1922లోనే ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు. దాని కింద కోర్టు కట్టడాన్ని తీయమనవచ్చు, పరిహారం ఇప్పించవచ్చు, ఆ నేలనే అవతలివారి పేరు మీదికి మార్చమనవచ్చు కూడా. కట్టడం లేవకముందే అభ్యంతరం చెప్పినవారిని చూసే తీరు వేరు, లేస్తుంటే చూస్తూ ఊరుకున్నవారిని చూసే తీరు వేరు. కాబట్టి రేపో ఎల్లుండో ఆయనతో మాట్లాడండి, అదే రోజు ఒక కాగితం కూడా ఇవ్వండి.

మాట్లాడటానికి మీరే వెళ్ళండి. వరస కలిపి పిలిచేది మీరు, కోపం ఎక్కువగా ఉన్నది మీవారికి. కంచె దగ్గర నిలబడి మాట్లాడవద్దు. అక్కడ ఇద్దరి కళ్ళూ ఆ గీత మీదే ఉంటాయి, వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి వింటారు. ఇంట్లో కూర్చుని ఇలా అనవచ్చు: "బాబాయి గారూ, హద్దు ఎక్కడో నాకూ ఖచ్చితంగా తెలియదు. మీరు కావాలని జరిపారని నేను అనడం లేదు. గది కట్టాక కొలతల్లో తేడా వస్తే మీకే ఎక్కువ నష్టం. ఇద్దరం కలిసి ఒక సర్వేయర్ని పిలిపిద్దాం. ఆయన ఎక్కడ చూపిస్తే అక్కడికి నేను కట్టుబడి ఉంటాను. అప్పటిదాకా పునాది పని ఆపండి." ఇందులో ఆయన మీద నింద లేదు, గది ఆపడంలో ఆయన లాభమూ ఉంది. "నేను కట్టుబడి ఉంటాను" అనే ముక్క మాత్రం మనస్ఫూర్తిగా అనుకుంటేనే అనండి.

కాగితంలో నాలుగైదు వాక్యాలు చాలు. ఫలానా తేదీన కొత్త కంచె గమనించామని, అది మా హద్దు లోపలికి వచ్చిందన్న సందేహం ఉందని, దానికి మేం అనుమతి ఇవ్వలేదని, ఉమ్మడిగా సర్వే చేయించడానికి సిద్ధమని, అది తేలేదాకా ఆ చోట శాశ్వత కట్టడం మొదలుపెట్టవద్దని. బెదిరింపు మాట ఒక్కటీ వద్దు. చేతికి ఇచ్చి, అదే కాపీని పోస్టులో రసీదు వచ్చేలా కూడా పంపండి. "కాగితం దేనికమ్మా" అని ఆయన నొచ్చుకోవచ్చు. "ఇది ఇద్దరికీ మంచిదని రాశాను బాబాయి గారూ, ఇందులో మీ మీద మాటేమీ లేదు" అని చెప్పండి. మాట ఎంత మెత్తగానైనా ఉండనివ్వండి, కాగితం మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇక అసలు చిక్కుకి వద్దాం. మీ ఉత్తరంలో "జరిగినట్టు అనిపించింది" అని ఉంది. అనిపించడం దగ్గరే ఆగినందుకు సంతోషం, ఎందుకంటే హద్దు తగాదాల్లో సగం ఈ తేడా తెలియక ముదురుతాయి. మీరు కొన్ననాటి నుంచి చూస్తున్న పాత కంచె నిజంగా హద్దు మీదే ఉందని ఎవరూ తేల్చలేదు. అది హద్దు మీదే ఉండి ఇప్పుడు లోపలికి వచ్చి ఉండవచ్చు. లేదా పాతదే మీ నేలలో ఉండి, కొత్తది మరికాస్త వచ్చి ఉండవచ్చు. మూడోది కూడా ఉంది. పాతది ఆయన నేలలో ఉండి, ఇన్నాళ్ళూ ఆయన స్థలం మీరు వాడుకుని ఉండవచ్చు. చాలామంది కంచె వేసేటప్పుడు చెట్టు అడ్డొచ్చిందనో, రాయి తగిలిందనో, స్తంభం దిగలేదనో వీలైనచోట వేసుకుంటారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు దాన్నే హద్దు అనుకుంటారు.

పాత కంచె ఎక్కడుందన్న ఆధారం ఇంకా నేలలో ఉంటుంది, అది త్వరగా పోతుంది. స్తంభాలు పీకిన గుంటలు, విరిగి లోపలే ఉండిపోయిన మొదళ్ళు, మట్టి రంగులో తేడా, గడ్డి మొలవని గీత, ఇవన్నీ మీ వైపు నుంచే ఫొటోలు తీయండి. ప్రతి ఫొటోలో టేపు పరచి, మీ ఇంటి గోడ మూల నుంచి ఎంత దూరమో అంకెలు కనిపించేలా ఉండాలి. వాన పడకముందే, గది పనికి మట్టి తవ్వకముందే ఇది చేయండి. ఇల్లు కొన్నప్పటి ఫొటోలు, పిల్లల పుట్టినరోజు ఫొటోలు వెతకండి, వెనకాల కంచె కనిపించేవి దొరుకుతాయి. మీకు అమ్మినవారిని కూడా ఒకసారి అడగండి.

తర్వాత కాగితాలు. మీ దస్తావేజులో హద్దుల వివరం, దాంతో ఉన్న ప్లాను, మీకంటే ముందు కొన్నవారి లింకు డాక్యుమెంట్లు బయటికి తీయండి. వీలైతే ఆయన దస్తావేజు కూడా చూడాలి, ఎందుకంటే ఒకే గీతని రెండు కాగితాలు రెండు రకాలుగా చెప్పడం అరుదు కాదు. చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. కొలతల అంకెలకీ, నేల మీద స్థిరంగా ఉన్న హద్దు గుర్తులకీ పొంతన కుదరకపోతే మామూలుగా హద్దు గుర్తులదే పైమాట. భారతదేశంలోనూ అమెరికాలోనూ న్యాయస్థానాలు సాధారణంగా పాటించే పద్ధతి ఇదే. విస్తీర్ణం లెక్క అన్నిటికన్నా బలహీనమైనది. కాబట్టి "మా కాగితంలో ఇన్ని గజాలని ఉంది, ఇక్కడ తగ్గింది" అన్న వాదన ఒక్కదాని మీదే నిలబడకండి. మొదట్లో పాతిన హద్దు రాయి దొరికితే దాని విలువ ఎంతో ఎక్కువ. దాన్ని ఎవరూ కదపకుండా చూసుకోండి.

టేపు పట్టుకుని మీరే కొలిచేసి తేల్చుకోవద్దని కూడా చెప్పాలి. పటాల్లో దూరాలు సమతలంగా లెక్కవేసినవి. నేల వాలుగా ఉంటే వాలు వెంట పరచిన టేపు ఎక్కువ చూపిస్తుంది. పదడుగులకి ఒక అడుగు చొప్పున వాలు ఉంటే, వంద అడుగుల దూరానికే అర అడుగు తేడా వస్తుంది. ఇక ఫోన్ మ్యాపులో గీత చూసి పోట్లాడేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఫోన్ జీపీఎస్ ఆకాశం తేటగా కనిపించే ఆరుబయట కూడా దాదాపు 5 మీటర్ల మేర అటూఇటూ ఉంటుంది, అంటే పదహారు అడుగులు. మీ తగాదా అడుగున్నర గురించి. ప్రభుత్వ పటాలకీ ఒక పరిమితి ఉంది. 1:1250 స్కేలు పటంలో ఒక్క మిల్లీమీటరు నేల మీద 1.25 మీటర్లు. మీ అడుగున్నర ఆ పటంలో అర మిల్లీమీటరు కూడా ఉండదు, పెన్సిలు గీత కిందే దాగిపోతుంది. ఇంగ్లండ్‌లో భూమి రిజిస్ట్రీ పటంలోని ఎర్రగీత మామూలుగా హద్దు సుమారుగా ఎక్కడో చూపడానికేనని చట్టమే చెబుతుంది.

అందుకే లైసెన్సు ఉన్న సర్వేయర్ కావాలి, అదీ ఉమ్మడిగా. మీరొకర్నీ ఆయనొకర్నీ పెట్టుకుంటే రెండు రిపోర్టులు వస్తాయి, తగాదా రెండింతలవుతుంది. ఒకే సర్వేయర్‌కి ఇద్దరూ సంతకం పెట్టిన లేఖ ఇవ్వండి, రెండు దస్తావేజులూ ఆయన ముందు పెట్టండి. పేరు పెద్దాయన్నే సూచించమనండి, అర్హత ఉంటే ఒప్పుకోండి. తాను ఎంచుకున్న మనిషి చెప్పినదాన్ని కాదనడం ఎవరికైనా కష్టం. ఖర్చు సగం సగం అనడం న్యాయమే. ఆయన ఇవ్వనంటే మొత్తం మీరే పెట్టుకోండి, తర్వాతి ఖర్చులతో పోలిస్తే అది చిన్నది. కొలిచేటప్పుడు రెండు ఇళ్ళవాళ్ళూ దగ్గరుండాలి. సర్వేయర్ నోటిమాటతో సరిపెట్టకూడదు. గుర్తులు నేలలో పాతి, స్కెచ్చు గీసి, ఏ ఆధారాల నుంచి కొలిచారో రాసి ఇవ్వాలి. పెద్దాయన సర్వేకే ఒప్పుకోకపోతే, తేదీ ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి మీ వైపు నుంచి చేయించండి. ఆయన అనుమతి లేకుండా ఆ స్థలంలోకి మాత్రం ఎవరూ వెళ్ళవద్దు.

సర్వేకి ముందు మీ ఇల్లు కూడా ఒకసారి పరీక్షగా చూసుకోండి. చూరు, వాననీటి గొట్టం, చెట్టు కొమ్మలు, కాంక్రీటు అరుగు అంచు, ఏదైనా అటు వెళ్ళిందేమో. సర్వేలో అదీ బయటపడుతుంది. ముందే తెలిసి, మీ అంతట మీరే సరిచేస్తానంటే మీ మాటకి విలువ పెరుగుతుంది.

ఫలితం ఆయన పక్షాన వస్తే ఆ రోజే వెళ్ళి చెప్పండి. సందేహపడినందుకు మన్నించమనండి, స్కెచ్చు కాపీ ఇచ్చి రండి. అది ఓడిపోవడం కాదు, మీ హద్దు మీకు తెలిసింది.

మీ పక్షాన వస్తే అప్పుడు మీ అత్తగారి మాటకి చోటుంది. కంచె జరిపించడం ఒక మార్గం. గడువు పెద్దమనసుతో ఇవ్వండి. జరపడం ఆయనకి భారమయ్యే పనైతే, లేదా ఆ అడుగున్నర మీకు నిజంగా అవసరం లేకపోతే, కంచెని అక్కడే ఉండనిచ్చి అనుమతి పత్రం రాసుకోవచ్చు. హద్దు సర్వే చూపిన గీతేనని, కంచె మా అనుమతితోనే ఇటు ఉందని, అడిగినప్పుడు ఇన్ని రోజుల్లో తీయాలని, ఆ చోట పునాది గానీ గోడ గానీ కట్టకూడదని రాసి, స్కెచ్చు జతచేసి, రెండు కుటుంబాలూ సంతకం చేయాలి. మీ సంతకంకన్నా ఆయన సంతకం ముఖ్యం.

ఈ పత్రానికి ఇంత బలం ఎందుకో చెప్తాను. మరొకరి నేలని బహిరంగంగా, ఎడతెగకుండా, అనుమతి లేకుండా, తనదన్నట్టు చట్టం చెప్పిన కాలం పాటు అనుభవిస్తే దాని మీద హక్కు అడగవచ్చునన్న సూత్రం చాలా దేశాల్లో ఉంది. భారతదేశంలో 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు భూమికి ఆ కాలం 12 ఏళ్ళు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో 12, విక్టోరియాలో 15. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 5 ఏళ్ళే, కాకపోతే ఆ భాగానికి పన్నులు కూడా కట్టి ఉండాలి. ఒహాయోలో 21. న్యూయార్క్ 2008లో చట్టం మార్చి, కంచెలూ పొదలూ షెడ్ల వంటి స్వల్పమైన చొరబాట్లని అనుమతితో ఉన్నట్టుగానే చూడాలంది. ఇంగ్లండ్‌లో రిజిస్టరైన భూమికి పదేళ్ళ తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు, అసలు యజమానికి నోటీసు వస్తుంది. అయితే హద్దు పక్క నేల తనదేనని సహేతుకంగా నమ్మి అనుభవించిన పొరుగువారికి అక్కడ ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది, మీలాంటి తగాదాలకి తగిలేది సరిగ్గా అదే. అనుమతితో ఉన్నది ఎన్నేళ్ళున్నా ఈ సూత్రం కిందికి రాదు. ఒక్క పేజీ పత్రం ఆ కాలాన్ని నడవనివ్వదు. రెండు ఇళ్ళలో ఏది చేతులు మారినా కొత్తవారితో మళ్ళీ రాసుకోండి.

నేలనే ఆయనకి ఇచ్చేయాలనుకుంటే నోటిమాటతో కుదరదు, సరైన దస్తావేజు రిజిస్టరు కావాలి. ఇంటి మీద అప్పుంటే ఇచ్చినవారి అంగీకారం కావాలి. హద్దుకీ ఇంటి గోడకీ మధ్య వదలాల్సిన ఖాళీ తగ్గి మీ ఇంటికే అనుమతుల చిక్కు రాదు కదా అని ముందు తేల్చుకోండి.

ఆయన దేనికీ ఒప్పుకోకపోతే? కోర్టుకి ముందు మధ్యవర్తిత్వం ప్రయత్నించండి. కోర్టు గీత ఎక్కడో చెప్పగలదు గానీ గేటు ఎటు తెరుచుకోవాలి, చెట్టు ఎవరు కత్తిరించాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నవి ఇద్దరూ కూర్చుంటేనే తెగుతాయి. మధ్యవర్తి ఇద్దరికీ చుట్టమో, ఇద్దరి దగ్గరా మాట పోగొట్టుకోవడానికి భయపడే మనిషో కాకూడదు, హద్దుల సంగతి తెలిసినవారైతే మేలు. అదీ కుదరకపోతే లాయరు నోటీసు, ఆ తర్వాత దావా.

మీరు భారతదేశంలో ఉంటే ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. మీ స్వాధీనంలో ఉన్న నేలని మీ ఒప్పుదల లేకుండా, చట్టప్రకారం కాకుండా తీసుకుంటే, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల లోపు దావా వేయవచ్చు. అందులో హక్కు ఎవరిదన్న చర్చ ఉండదు, స్వాధీనం ఎవరిదో చూస్తారు. మీకు గడువు పోయిన నెల నుంచే నడుస్తోంది. మీవారు కంచె పీకితే అదే సెక్షను పెద్దాయన మీ మీద వాడగలరు, ఇది మీవారికి చదివి వినిపించండి. రెండోది, కేవలం ఇంజంక్షన్, అంటే ఫలానా పని చేయవద్దనే కోర్టు ఉత్తర్వు, అడిగి ఊరుకోవద్దు. హక్కు మీదే వివాదం ఉంటే హక్కు ప్రకటన (నేల ఫలానావారిదని కోర్టు చెప్పడం), స్వాధీనం పోయి ఉంటే స్వాధీనం కూడా అడగాలని 2008లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఇది చూసుకోక ఏళ్ళు గడిచాక వెనక్కి వచ్చిన దావాలున్నాయి. స్థలాన్ని చూసి కొలిపించడానికి కోర్టు కమిషనర్ని నియమించగలదు, అయినా మీ సర్వే రిపోర్టూ ఫొటోలూ ముందే చేతిలో ఉండాలి.

పోలీసులు హద్దులు కొలవరు. బెదిరింపో చెయ్యి చేసుకోవడమో జరిగితేనే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టవద్దు. నలుగురిలో మాట పడ్డాక, తప్పని తెలిసినా వెనక్కి తగ్గడం పెద్దవాళ్ళకి చాలా కష్టం. పిల్లల ముందు ఈ విషయం మాట్లాడవద్దు, వాళ్ళ ఆట ఆపవద్దు.

ఇంతలో సర్వే తేదీ రాకముందే పునాది తవ్వకం మొదలైతే మాత్రం ఎదురుచూడకండి. ఆ రోజే ఫొటోలు తీసి, ఇచ్చిన కాగితం కాపీతో లాయరు దగ్గరికి వెళ్ళి, పని ఆపేలా తాత్కాలిక ఉత్తర్వు అడగమనండి. సర్వే అయ్యాక స్కెచ్చు చేతికొస్తే మళ్ళీ రాయండి. అనుమతి పత్రంలో ఏం ఉండాలో దాన్ని చూసి వాక్యం వాక్యం చెప్తాను.